పడవ కొనబోవువాని లక్షణములు

అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో, సముద్రం నేలలోకి చొచ్చుకువచ్చి సియాటెల్ నగరం మీదుగా ఒలింపియా దాకా పాయలు పాయలుగా చీలిన జలభాగాన్ని ప్యూజెట్ సౌండ్ అంటారు. దానికి ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకొని శాన్ హువాన్ దీవులు ఉన్నాయి. ఈ తీరవాసులను పడవ ఉన్నవారు, లేనివారు అని రెండుగా విభజించడం వాడుకలో ఉంది గాని ఆ విభజన అసమగ్రం. ఏళ్ల తరబడి పడవ కొనబోతూనే ఉండే మూడో వర్గం ఒకటి అక్కడ ఉంది. తలల లెక్కలో అది చిన్నదే అయినా మాటల లెక్కలో మిగిలిన రెండింటినీ మించిపోతుంది. ప్రస్తుత వ్యాసానికి విషయం ఈ కొనబోవువాడే.

కొనబోవువాడు సాధారణంగా అరవైకి అటూ ఇటూగా ఉంటాడు. పిల్లలు ఎదిగి తలో ఊరికీ వెళ్లిపోయి ఉంటారు, ఇంటి అప్పు తీరి ఉంటుంది, పదవీ విరమణ కనుచూపు మేరలో ఉంటుంది, భార్యకు ఓపిక ఉంటుంది. ఈ నాలుగింటిలో చివరిది లోపించి ఉంటే ఈ జాతి ఏనాడో అంతరించేది. ఇతని ఇంటి ముందు పడవను లాగడానికని కొన్న పెద్ద పికప్ ట్రక్కు, దాని వెనుక ట్రైలర్ తగిలించడానికి బిగించిన ఉక్కు గుండు ఉంటాయి. ఆ గుండుకు ఇంతవరకు తగిలినవి దారిన పోయేవారి మోకాళ్లు మాత్రమే. పడవకు పేరు కూడా ఎప్పుడో ఖాయమై ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న తెలుగు సామెత ఈ తీరానికి చేరకపోవడం కొనబోవువాని అదృష్టం.

ఇతడు వెతికే వస్తువును అక్కడ పాకెట్ క్రూజర్ అంటారు. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడడుగుల పొడవుతో, ఇద్దరు మనుషులు వారం పది రోజుల పాటు వండుకొని, పడుకొని, వానకు తడవకుండా దీవి నుంచి దీవికి తిరగడానికి వీలుగా ఒక చిన్న గది కట్టిన ఫైబర్‌గ్లాస్ పడవ అని దానికి నిర్వచనం చెప్పుకోవచ్చు. దాని ఇంజను పడవ కడుపులో కాక వెనుక పలకకు బయటివైపున వేలాడుతూ ఉంటే దానిని ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. లోపలి ఇంజను మనుషులకు దక్కవలసిన చోటును ఆక్రమించి, వేడిని, వాసనను, చప్పుడును అద్దెగా ఇస్తుంది; బయటి మోటారు ఆ బాధ పెట్టదు, రేవులో ఉన్నప్పుడు దానిని నీటిపైకి ఎత్తి ఉంచవచ్చు, పాడైపోతే విప్పి కొత్తది బిగించవచ్చు. ఇంతవరకు కొనబోవువానికి ఏ సందేహమూ లేదు. అతని జీవితంలో తేలిపోయిన ప్రశ్న ఇదొక్కటే కనుక, దీనిని గురించి అతడు అడిగినవారికీ అడగనివారికీ కూడా సవిస్తరంగా చెబుతాడు.

చెప్పేటప్పుడు ఓలే ఎవిన్‌రూడ్ కథ తప్పనిసరిగా వస్తుంది. నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఈ యంత్రశిల్పి ఒక వేసవి రోజున ప్రియురాలు బెస్ ఐస్‌క్రీం అడిగితే సరస్సు మీద మైళ్ల దూరం తెడ్డు వేసుకుంటూ వెళ్లి తెచ్చాడనీ, తెచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే తెడ్డు అక్కరలేని మోటారు ఆలోచన పుట్టిందనీ ప్రతీతి. ఔట్‌బోర్డ్ మోటారును అతనికంటే ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే మరొకడు తయారు చేసి అమ్మాడు గాని, 1909లో ఎవిన్‌రూడ్ తెచ్చిన మోటారుతోనే అది జనంలోకి వెళ్లింది. అప్పటికి అతని భార్య అయిన బెస్, సంస్థ వ్యాపార వ్యవహారాలు తానే చూసుకుంటూ, తెడ్డు వేయడం మానండి అని పత్రికల్లో ప్రకటన కూడా రాసింది. ఈ కథలో కొనబోవువాడు గ్రహించేది దంపతుల విహారానికి ఔట్‌బోర్డే శాస్త్రసమ్మతమని. అతని భార్య గ్రహించేది ఆ రోజు ఐస్‌క్రీం తేవడానికి ఎవిన్‌రూడ్ చేతికి దొరికిన పడవలోనే బయలుదేరాడని.

అసలు చిక్కు కొలతల దగ్గర మొదలవుతుంది. ప్రత్యేక అనుమతి లేకుండా అమెరికా రహదారుల మీద ట్రైలర్‌పై లాక్కుపోగల వస్తువు వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటరాదు కాబట్టి, ఈ జాతి పడవలన్నీ ఆ గీత లోపే ఆగిపోతాయి. సీ-డోరీ 22 అనే పడవ వెడల్పు ఏడడుగుల ఎనిమిది అంగుళాలు, దాని అక్క సీ-డోరీ 25 వెడల్పు సరిగ్గా ఎనిమిదిన్నర అడుగులు. చిన్నది తేలిక, చవక, కాని అందులో తలుపున్న మరుగుదొడ్డి లేదు. పెద్దదానిలో తలుపుంది, కాని దానికి బరువైన ట్రైలర్, మరింత పెద్ద మోటారు కావాలి. ఇరవై అయిదడుగులు చూసినవానికి ఇరవై ఏడు ఇంకా సుఖమని తోస్తుంది. ఇరవై ఏడు చూసినవానికి ఇరవై తొమ్మిది కనిపిస్తుంది. ఈ వ్యాధికి అక్కడి పడవలవారు టూ-ఫుట్-ఐటిస్ అని వైద్యనామం వంటిది పెట్టుకున్నారు. అంటే ఉన్నదానికంటే రెండడుగులు ఎక్కువ ఉంటే బాగుండునన్న రోగం. పడవ ఉన్నవారికి ఇది కొన్న తరువాత సోకుతుంది. కొనబోవువానికి ముందే సోకి, ముప్పై అడుగుల దాకా వెళ్లి, అక్కడ ధర చూసి తగ్గి, మళ్లీ ఇరవై రెండు దగ్గర మొదలవుతుంది.

విచిత్రమేమంటే ఇతని పుస్తకాల అరలో ఎం. వైలీ బ్లాంచెట్ రాసిన ‘ద కర్వ్ ఆఫ్ టైమ్’ ఉంటుంది. 1961లో వెలువడిన ఆ పుస్తకంలో, భర్తను కోల్పోయిన ఆ తల్లి 1920లు, 30ల నాటి వేసవుల్లో అయిదుగురు పిల్లలను వెంటబెట్టుకొని, ఇరవై అయిదడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు మాత్రమే ఉన్న కప్రీస్ అనే పడవలో బ్రిటిష్ కొలంబియా తీరమంతా తిరిగిన వృత్తాంతం ఉంది. కొనబోవువాడు దానిని భక్తితో పలుమార్లు చదివి, మూసి అరలో పెట్టి, ఇద్దరికి ఇరవై అయిదడుగులు చాలుతాయా అన్న విచారంలోకి తిరిగి వెళ్లిపోతాడు.

వేగం విషయంలో ఇతని పాండిత్యం నిజంగానే మెచ్చదగినది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తాను లేపిన అలను తానే దాటలేదు. దాని సహజ వేగపు హద్దు, నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకొని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వస్తుంది. నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్లు. ఇరవై అడుగులకు ఈ లెక్క దాదాపు ఆరు నాట్లు. దీవులకు పోయే దారిలో డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో ఆటుపోట్ల ప్రవాహం ఎనిమిది నాట్ల వరకు ఉంటుంది కనుక, ఆరు నాట్ల పడవ దానికి ఎదురు వెళితే ముక్కు దీవుల వైపే ఉంచి రెండు నాట్ల వేగంతో ఇంటికి తిరిగి వస్తుంది. బుద్ధిమంతులు పోటు తిరిగే వేళ చూసుకొని దాటుతారు. కొనబోవువాడు మోటారు మార్చాలంటాడు. పడవ నీటి మీదకు లేచి జారుతూ పోవడాన్ని ప్లేనింగ్ అంటారు. అడుగు చదునుగా ఉన్న సీ-డోరీ వంటి తేలిక పడవకు అందుకు తొంభై హార్స్‌పవర్ సరిపోతుంది గాని ఎదురు అలల మీద అది దంతాలు కదిలేలా దబదబ కొడుతుంది. అడుగు కోణంగా ఉన్న రేంజర్ టగ్స్ ఆర్-23 అలను మెత్తగా కోస్తుంది, దానికి రెండు వందల హార్స్‌పవర్ తగిలిస్తారు, ధర లక్ష డాలర్లు దాటుతుంది. రెండు పడవలూ అదే వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టినవి, రెంటినీ మెచ్చి కొన్నవారు ఉన్నారు. మెత్తగా కోస్తూ, తేలికగా ఉండి, చవకగా దొరికే పడవ రావాలని కొనబోవువాడు ఎదురుచూస్తాడు; అది రాదు.

బరువు దగ్గర ఇతని శాస్త్రబుద్ధి వంటింట్లోకి ప్రవేశిస్తుంది. లీటరు నీరు కిలో, లీటరు పెట్రోలు ముప్పావు కిలో, పెద్ద మోటారు నూట అరవై కిలోలు, అది చెడిపోతే ఆదుకోవడానికి పక్కనే వేలాడే చిన్న మోటారు (దీనిని కిక్కర్ అంటారు) మరో నలభై అయిదు. ఇదంతా పడవ వెనుక చేరితే ముక్కు పైకి లేచి, నడిపేవానికి దారి బదులు ఆకాశం కనిపిస్తుంది. కనుక అతడు రెండో గిన్నెను, భార్య చదువుకునే అట్టబైండు నవలలను కాటాలో పెట్టి తూచి, వాటి బరువును కాగితం మీద రాస్తాడు. కొనని పడవ మీద మోపని బరువు తగ్గించడంలో అతనికి కలిగే తృప్తి యోగులకు కూడా అసూయ కలిగించగలది. తాను ఆ చలికాలంలో పెంచిన అయిదు కిలోలు ఆ కాగితంలో ఎక్కడా ఉండవు.

కొనబోవువాని సాధనలో అత్యున్నత ఘట్టం నీలిరంగు మాస్కింగ్ టేపు. ముందుగదిలో తివాచీ తీసేసి, పడవ గది నమూనాను అసలు కొలతలతో నేల మీద టేపుతో గీసి, దంపతులు అందులో నిలబడతారు. ఇక్కడ పొయ్యి: వాలాస్ అనే ఫిన్లాండ్ డీజిల్ పొయ్యి, వంట అయ్యాక మూత దించితే అదే గదిని వెచ్చబెడుతుంది. ఇక్కడ బల్ల. ముందు కొసన వీ-బెర్త్: పడవ ముక్కు ఆకారాన్ని అనుసరించి తలల వైపు వెడల్పుగా, పాదాల వైపు కోసుగా ఉండే పడక. ఆయన గోడవైపు పడుకుంటాడు, ఆమె పక్కన పడుకుంటుంది, నాలుగు పాదాలూ కొసన ఒకదాని మీద ఒకటి చేరతాయి. అర్ధరాత్రి లేవవలసినవాడు రెండోవారిని దాటకుండా లేవలేడని నేల మీదే రుజువవుతుంది. లేచి ఎక్కడికి వెళ్లాలని ఆమె అడుగుతుంది. ఆయన టేపు గీతల మధ్య ఒక చిన్న చతురస్రాన్ని చూపిస్తాడు. అది పోర్టా-పాటీ, అంటే మెత్త కింద దాచుకొని, నిండాక మోసుకెళ్లి రేవులో ఖాళీ చేసుకునే మరుగుడబ్బా. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్ జలాల్లో పడవల మలజలం వదలడం నిషేధం కాబట్టి వేరే దారి లేదని చట్టాన్ని కూడా ఉదహరిస్తాడు. ఆమె ఆ చతురస్రం వైపు కొంతసేపు చూసి, గీత దాటి, ఇంట్లో ఉన్న అసలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. సమావేశం ముగిసిందని అర్థం.

పండితుల దృష్టికి రాని విషయం ఏమిటంటే, పడవ ఎంపికకు కావలసిన పరీక్ష అక్కడే పూర్తయింది. కూర్చున్నచోటి నుంచి కిటికీలోంచి బయటికి కనబడుతుందా, ఒకరు వండుతుంటే రెండోవారు పక్కనుంచి వెళ్లగలరా, రాత్రి లేస్తే ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఈ తరగతిలో పడవ దాదాపు తేలిపోతుంది. వర్గమూలాలు ఆ తరువాతి మాట. అయినా భార్య ప్రశ్నలను కొనబోవువాడు అభ్యంతరాలుగా లెక్కగడతాడు గాని ప్రమాణాలుగా స్వీకరించడు.

1947 నుంచి సియాటెల్‌లో బోట్ షో జరుగుతూ వస్తోంది. చలికాలంలో జరిగే ఈ ప్రదర్శనలో ఇతడు ప్రతి పడవ ముందూ బూట్లు విప్పి, మెట్లెక్కి, పడక మీద వెల్లకిలా పడుకొని, ప్రతి అర తెరిచి మూసి, గోడను వేలి కణుపులతో తట్టి, ఇంజను తిరిగిన గంటలు అడిగి తెలుసుకొని, మళ్లీ కబురు చేస్తామని చెప్పి దిగిపోతాడు. బజ్జీలు తినడమే గాని కబురు చేయడం ఎరగని పెళ్లిచూపుల పెద్దలను చూసిన తెలుగువారికి ఈ దృశ్యం కొత్తకాదు. అమ్మేవారు ఇతన్ని ఏటా గుర్తుపట్టి, బూట్లు పెట్టుకోవడానికి కుర్చీ వేస్తారు.

ఇటీవల ఈ జాతిలో ఒక తెలుగు శాఖ కూడా కనిపిస్తున్నది. లేక్ వాషింగ్టన్ సరస్సుకు తూర్పున బెల్‌వ్యూ, రెడ్‌మండ్ పట్టణాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ స్థిరపడినవారికి సరస్సు ఎదురుగానే ఉంది, 1917లో తెరిచిన బాలార్డ్ లాకుల గుండా ఆ సరస్సు నుంచి సముద్రానికి దారీ ఉంది. ఇక లేనిది పడవ మాత్రమే. మూల శాఖకు కాగితం ఉన్నచోట ఈ శాఖకు ఎక్సెల్ పట్టిక ఉంటుంది. అందులో పడవలు అడ్డంగా, గుణాలు నిలువుగా, ఒక్కో గుణానికి ఇన్ని మార్కులని వెయిటేజీ ఉంటాయి. మార్కులు తనకు నచ్చిన పడవకు రాకపోతే మారేది వెయిటేజీ. పట్టిక పూర్తయిన రాత్రి భార్య, “ఏమండీ, ఇంతకీ మీకు ఈతొచ్చా?” అని అడిగితే, సౌండ్ నీరు ఏడాది పొడుగునా పది డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుందనీ, అంత చల్లని నీటిలో ఈత వచ్చినా రాకపోయినా పెద్ద తేడా ఉండదనీ ఆయన ధైర్యం చెబుతాడు. ఆ జవాబు శాస్త్రీయంగా చాలావరకు సరైనదే గనుక, ఆ రాత్రి నుంచి పట్టికలో లైఫ్ జాకెట్లకు ఒక వరుస చేరుతుంది, ప్రయాణానికి మరో ఏడాది వాయిదా చేరుతుంది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఈ తరగతి పడవల్లో బాగా చూసుకున్న దేనిని కొన్నా దంపతులకు పెద్ద అన్యాయం జరగదు. తేడా అంతా సుఖంలో ఒక పిసరు, ఖర్చులో ఒక గుప్పెడు. అందులో వెళ్లడానికి చోటూ ఉంది: శాన్ హువాన్ దీవుల్లో, అనకోర్టెస్ రేవు నుంచి సుమారు ఇరవై నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న సూషా దీవిని వాషింగ్టన్ రాష్ట్రం ఉద్యానంగా నిర్వహిస్తున్నది. అక్కడ పడవలు కట్టుకోవడానికి ప్రభుత్వం తేలే బోయలు వేసి ఉంచింది. వాటికి ముందస్తు రిజర్వేషన్ లేదు; ముందు వచ్చినవారు కట్టుకోవచ్చు, వరుసగా మూడు రాత్రులకు మించి ఉండరాదు.