ఉంటే కదా పెంచడానికి!

జీతాలు పెంచాలంటే పే కమిషన్ వెయ్యాలి, కరెంటు చార్జీలు పెంచాలంటే నియంత్రణ మండలి ముందు విచారణ జరగాలి. హైవే మీద స్పీడు పెంచుకోవడానికి మాత్రం మన జనం ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఎప్పుడో పెంచేసుకున్నారు. ప్రభుత్వాలు వెనకాల మెల్లగా నడుచుకుంటూ వచ్చి బోర్డు మీద అంకె దిద్దుతున్నాయి, అంతే. 2018 ఏప్రిల్లో కేంద్ర రవాణా శాఖ ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు గంటకు 120 కిలోమీటర్లు, డివైడరున్న నాలుగు లేన్ల రోడ్ల మీద 100 అని నోటిఫికేషన్ ఇచ్చింది. 2021లో మద్రాసు హైకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో దాన్ని కొట్టేసి, వేగం తగ్గించి కొత్తది ఇవ్వమంది. ఆ ఏడాదే కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఎక్స్‌ప్రెస్‌వేల మీద 140 ఉండాలన్నారు, అది తన సొంత అభిప్రాయమని కూడా చెప్పారు. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 100 కాస్తా 120 అయింది. కోర్టు దించమంది, మంత్రిగారు ఎత్తమన్నారు, పోలీసులు బోర్డు మార్చారు. కుడివైపు చివరి లేనులో హైబీమ్ కొడుతూ దూసుకొచ్చే తెల్ల ఎస్‌యూవీకి ఈ మూడు కబుర్లలో ఒక్కటీ అందిన జాడ లేదు.

అందుకని, పరిమితి పెంచాలా వద్దా అని వాదించుకునే ముందు అసలది ఉందా అని అడగడం మర్యాద. పరిమితి అంటే దాటినవాడికి ఏదో ఒకటి జరగాలి. ప్రతిసారీ జరక్కపోయినా, దాటితే జరుగుతుందన్న భయం పుట్టేంత తరచుగానైనా జరగాలి. మన దగ్గర జరిగేదేమిటి? చలానా వస్తుంది. వచ్చి ఫోన్లో కూర్చుంటుంది. కొన్నాళ్లకు శుభవార్త వస్తుంది. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద కార్లకు సగం, బైకులకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ తలుపులు తెరిచి, ఈసారి కార్లకు 60 శాతం, బైకులకు 80 శాతం మాఫీ అన్నారు. వెయ్యి రూపాయల తప్పు నాలుగొందలకు తేలిపోయింది. చలానా పడిన రోజే బుద్ధిగా పూర్తి సొమ్ము కట్టినవాడి పని ఆషాఢం సేల్ ఉందని మరిచి జ్యేష్ఠంలో చీర కొన్నట్టయింది. రాయితీ ఇస్తేనే పాత బాకీలు వసూలవుతాయని అధికారులు అంటారు. అవుతాయి కూడా. అయితే జరిమానా ఉన్నది ఖజానా నింపడానికే అని ఒప్పుకున్నాక, జనాన్ని స్పీడు దాటొద్దనడం వ్యాపారానికి నష్టం కదా, ఆ బోర్డులు మాత్రం ఎందుకు?

సరే, అంకె పెంచితే ఏమొస్తుందో చూద్దాం. ఔటర్ మీద 20 కిలోమీటర్లు పోవాలనుకోండి. 100 మీద 12 నిమిషాలు, 120 మీద 10. మిగిలింది రెండు నిమిషాలు. వాటిని భద్రంగా మూటగట్టుకుని ఎగ్జిట్ దగ్గర కిందికి దిగితే, గచ్చిబౌలి ట్రాఫిక్ వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. రింగు మొత్తం 158 కిలోమీటర్లూ చుట్టేవాడికైతే పావుగంట మిగులుతుంది గానీ, బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి అంత తొందర దేనికో ఆయనే చెప్పాలి. ఇక ఖర్చు వైపు చూడండి. బండి మోసుకుపోయే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 100 నుంచి 120కి వేగం ఐదో వంతు పెరిగితే, ఢీకొన్నప్పుడు ఒంటి మీద పడే శక్తి 44 శాతం పెరుగుతుంది. ఎదర ఆగి ఉన్న లారీ కంటపడి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, 100 మీద పోయే కారు సుమారు 97 మీటర్లలో, 120 మీద పోయేది 130 మీటర్లలో, గడ్కరీగారి 140 మీద పోయేది 166 మీటర్లలో ఆగుతుంది. అదీ రోడ్డు తడి లేకుండా, టైర్లు అరక్కుండా, డ్రైవరు కునుకు తీయకుండా ఉంటే. టెయిల్ లైట్లు లేని ఆ లారీ అర్ధరాత్రి ఎన్ని మీటర్ల నుంచి కనిపించాలో ఏ నోటిఫికేషనూ చెప్పలేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని రవాణా శాఖ నివేదిక. ఈ 71ని నేను పూర్తిగా నమ్మను. ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్నది రబ్బరు స్టాంపు. గుంతలో పడినా, గేదె అడ్డొచ్చినా, మలుపు తప్పుడుగా వేసినా అదే ముద్ర పడుతుంది. మలుపు వేసిన కాంట్రాక్టరు పేరు ఏ కాలమ్‌లోనూ రాకుండా అదొక ఏర్పాటు. అంతమాత్రాన వేగం నిర్దోషి అయిపోదు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అమెరికా దీన్ని సొంత ఖర్చుతో పరీక్షించి చూసింది. చమురు సంక్షోభం నాడు, 1974లో, దేశమంతటికీ గంటకు 55 మైళ్లే అని కట్టడి పెట్టి, 1995లో పూర్తిగా ఎత్తేసి రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఆ తర్వాతి పదేళ్లలో పెరిగిన వేగాల వల్ల అదనంగా పోయిన ప్రాణాలు 12,500 పైమాటేనని 2009లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. టెక్సస్‌లో 85 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు కూడా ఉంది. అక్కడ వెనక పోలీసు లైట్లు వెలిగితే మన తెలుగు ఇంజనీరు కారు పక్కకాపి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంటాడు. శంషాబాద్‌లో విమానం దిగిన మర్నాడు అవే చేతులు ఔటర్ మీద ఏం చేస్తాయో అందరికీ తెలుసు. మనిషి అతనే, అటూ ఇటూ బోర్డుల మీద అంకెలకూ పెద్ద తేడా లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు జర్మనీ పేరు తెస్తారు. తేనివ్వండి, మంచిదే. అక్కడి హైవే ఆటోబాన్‌లో అధిక భాగం మీద పరిమితి లేదన్నది నిజం. మిగతా నిజాలు మనవాళ్లు విమానంలో మరిచి వస్తారు. అక్కడ 1978 నుంచి 130 అనే సిఫార్సు వేగం ఉంది. దానికి మించి పోతూ ప్రమాదంలో ఇరుక్కుంటే, తప్పు అవతలివాడిదే అయినా నష్టంలో కొంత నీ నెత్తిన పడొచ్చని 1992లోనే అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. లైసెన్సు కావాలంటే ఆటోబాన్ మీద వేరుగా, రాత్రిపూట వేరుగా పాఠాలు తీసుకోవాలి. తప్పుడు వైపు నుంచి దూరి ఓవర్‌టేక్ చేయడం నేరం. మన దగ్గర డ్రైవింగ్ పరీక్ష అంటే ట్రాకు మీద ఎనిమిది అంకె గీయడం. ఎనిమిది గీసినవాడికి నూట ఇరవై ఇచ్చాం, ఇప్పుడు నూట నలభై ఇద్దామంటున్నాం. కార్లు మెరుగయ్యాయిగా అంటారు ఇంకొందరు. మెరుగయ్యాయి, కాదనను. కానీ కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారును ఎదురుగా గుద్దించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో. షోరూంలో మెరిసే ఆ ఐదు నక్షత్రాలూ 64 దగ్గర వచ్చినవి. 140 దగ్గర ఎన్ని మిగులుతాయో చెప్పే స్టిక్కరు ఇంకా అచ్చు కాలేదు. ఆపైన, వెనక సీటులో బెల్టు పెట్టుకోమంటే అవమానంగా భావించే దేశం మనది. 2022లో బెల్టు లేక పోయినవాళ్లు 16,715 మంది.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. 120 వేగానికి డిజైన్ చేసిన రోడ్డు మీద 80 అని బోర్డు పెడితే ఎవడూ లెక్కచెయ్యడు, లెక్కచెయ్యని అలవాటు స్కూలు ముందు పెట్టిన 30 బోర్డు దాకా పాకుతుంది. నిజమే. అసాధ్యమైన అంకె చట్టానికే చులకన తెస్తుంది. అలాగే ప్రమాదం వేగంలోనే కాదు, వేగాల తేడాలో కూడా ఉంటుందన్న మాటా నిజమే. అయితే ఆ వాదన ఎటు తీసుకెళుతుందో చివరిదాకా చూడండి. ఔటర్ మీద మొదటి రెండు లేన్లకు 120, తర్వాతి రెంటికి 80. కాగితం మీదే తేడా 40. రోడ్డు మీద మోయలేని కంకర మోస్తూ 40 మీద మూలిగే టిప్పరు ఒకటి, తన లేను తనకు నచ్చక కుడికి జరిగిన ట్యాంకరు ఒకటి, ఎగ్జిట్ దాటిపోయిందని రివర్సులో వచ్చే కారు ఒకటి. ఇక మామూలు జాతీయ రహదారి మీదైతే ఎదురుగా ట్రాక్టరు, దాని మీద రాంగ్ రూటులో నిశ్చింతగా ఇంటికిపోయే కుటుంబం. కారుకు పైఅంకె పెంచితే ఈ తేడా పెరుగుతుందే గానీ తగ్గదు. తగ్గాలంటే చూడాల్సింది కింది లేన్లను. బెంగళూరు–మైసూరు రోడ్డు మీద చావులు పెరిగినప్పుడు కర్ణాటక చేసింది అదే. 2023 ఆగస్టు నుంచి బైకులనూ ఆటోలనూ ప్రధాన రోడ్డు ఎక్కనివ్వలేదు, కెమెరాలు పెట్టారు, 100 అంటే 100 అన్నారు. ఆ తర్వాత మరణాలు బాగా తగ్గాయి. అంకె పెంచలేదు, దించలేదు, ఉన్నదాన్ని అమలు చేశారు. ఇంత సాదా పని గనుకే దానికి ప్రారంభోత్సవం, శిలాఫలకం ఉండవు.

పెంచడం మీద నాకు మతపరమైన అభ్యంతరమేమీ లేదు. ఇటలీలో మూడు లేన్ల మోటారు రోడ్లపై, సగటు వేగం కొలిచే యంత్రాలు ఉన్నచోట, 150 దాకా అనుమతించవచ్చని చట్టమే ఉంది. ఆ యంత్రాలు 2005 నుంచీ ఉన్నాయి. ఒకచోట నీ నంబరు, సమయం రాసుకుని, కొన్ని కిలోమీటర్ల తర్వాత మళ్లీ రాసుకుంటాయి, మధ్యలో నువ్వెంత వేగంగా వచ్చావో భాగహారం చెబుతుంది. కెమెరా దగ్గర బ్రేకు తొక్కి, దాటాక మళ్లీ ఎగిరే విద్య అక్కడ పనికిరాదు. చట్టం ఒప్పుకున్నా ఈనాటికీ అక్కడ ఏ రోడ్డు మీదా 150 బోర్డు వెలవలేదు. కొలవడం మొదలెట్టాక పెంచాలన్న తొందర తగ్గిందో ఏమో.

మనకు ఆ యంత్రం కొనే పని కూడా లేదు. ఔటర్ మీద ఏ ఎగ్జిట్ దగ్గర ఎక్కావో, ఏ ఎగ్జిట్ దగ్గర దిగావో ఫాస్టాగ్ రాసుకుంటుంది, ఎన్ని కిలోమీటర్లో లెక్కగట్టి రూపాయి పైసలతో సహా ఖాతాలోంచి లాక్కుంటుంది. కిలోమీటర్లు తెలిసిన ఆ కంప్యూటరుకు నిమిషాలూ తెలుసు. అడిగినవాడే లేడు. 40 కిలోమీటర్లు 15 నిమిషాల్లో వచ్చినవాడు 160 మీద వచ్చాడని తేల్చడానికి ఐదో తరగతి పిల్లవాడు చాలు. మధ్యలో బండి ఆపి సగటు తగ్గించుకుంటాడు కదా అంటారేమో, దిగి ఒళ్లు విరుచుకుంటే మనకే మంచిది, నిద్రమత్తు వదులుతుంది. ఒక్క ఏడాది ఈ లెక్క నడిపి, రాయితీ మేళాలు ఆపి, 120 నిజంగా 120గా నిలబడిందని చూపించండి, 130 కావాలన్న మహజరు మీద మొదటి సంతకం నాది. ఇంత చవకైన ప్రతిపాదనకు ఆర్థిక శాఖ అడ్డు చెప్పదు. పోలీసులూ చెప్పరు. మినహాయింపు ఫాస్టాగ్ అంటించుకున్న ప్రభుత్వ వాహనాల నిమిషాలు కూడా లెక్కించాలా అని ఎవరో కింద చిన్నగా నోట్ రాస్తారు, ఫైలు అక్కడ ఆగుతుంది.