సర్దుబాటు మావయ్య

కృష్ణా జిల్లాలో ఏ పెద్ద కుటుంబాన్ని తీసుకున్నా ఒక సర్దుబాటు మావయ్య ఉంటాడు. ఉయ్యూరు దగ్గర ఎకరంన్నర చెరుకు, బెజవాడ సత్యనారాయణపురంలో అద్దెకిచ్చిన రెండు గదులు, చొక్కా జేబులో రెండు పెన్నులు. చుట్టాల్లో ఎవరైనా అప్పుల్లో పడి ఫోన్ ఎత్తడం మానేశారంటే ముందు కబురు ఆయనకే వెళ్తుంది.

ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్టు పెట్టిన మేనల్లుడు పెళ్లికొచ్చి భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా మావయ్య గుమ్మంలో దిగాడు. "కాఫీ తర్వాత. ముందు ఎవరెవరికి ఎంతో చెప్పరా."

ఆ తర్వాతి గంట చూసితీరాలి. శుభలేఖ వెనక్కి తిప్పి, గీత కొట్టి, ఒక పక్క పేర్లు, ఒక పక్క వడ్డీ. "నూటికి రెండు" అంటే ఆయన ముఖంలో మార్పేమీ ఉండదు. ఏడాదికి 24 శాతం ఆయన దృష్టిలో మర్యాదస్తుల వడ్డీ. మూడంటే కళ్లద్దాలు తీస్తాడు. పది అనగానే పెన్ను కింద పెట్టేశాడు. "120 శాతం రా! ఏడాది తిరిగేసరికి అసలుని మించిపోతుంది" అని మంచినీళ్లు అడిగాడు. కుర్రాడికనుకుని తెచ్చారు. ఆయనే తాగాడు.

పది రూపాయల వడ్డీ అంటే ఆయనకు 2015 డిసెంబరు గుర్తొస్తుంది. బెజవాడ కాల్‌మనీ గుట్టు రట్టయి అసెంబ్లీ దద్దరిల్లిన నెల అది. ఫోన్ చేస్తే డబ్బు గుమ్మంలోకొచ్చేది. వాళ్లు ఫోన్ చేస్తే తిరిగి కట్టాలి. హామీగా ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం. ఇప్పుడా ఖాళీ నోటు లోన్ యాప్‌లోకి దూరింది. ఒక్క నొక్కు నొక్కితే ఫోన్‌లో ఉన్న చుట్టాల నంబర్లన్నీ వాళ్ల చేతికి. అలా ఒక రికవరీ కుర్రాడు రాత్రి ఎనిమిదింటికి మావయ్యకే ఫోన్ చేశాడు. ఏడు దాటాక వసూలు ఫోన్లు చెయ్యకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పిందని మొదలుపెట్టి, మీదే ఊరు, ఎవరి తాలూకు, పెళ్లయిందా దాకా వచ్చాడాయన. అవతలివాడే పెట్టేశాడు.

"నోటు వెనక చెల్లు రాయించకుండా పైసా ఇవ్వకు" అన్నది ఆయన వేదం. చెల్లు పడితే మూడేళ్ల గడువు మళ్లీ మొదటికొస్తుందని తెలుసు. అయినా రాయించమంటాడు. ఇచ్చింది ఇచ్చినట్టు కనపడాలట.

ఇన్ని లెక్కలొచ్చిన మనిషికి నిద్ర లెక్క మాత్రం రాదు. "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు మావయ్యా" అంటే, "పట్టకూడదు కూడా. అప్పున్నవాడే నిద్రపోతే అప్పిచ్చినవాడు ఏమైపోవాలి?" అన్నాడు. అక్కడున్న పెద్దలంతా నవ్వారు. కుర్రాడు నవ్వలేదు.

కుర్రాడి భార్య వంటింట్లోంచి వచ్చి, 14416కి ఫోన్ చేశాననీ, టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడారనీ చెప్పింది.

"మానసా? ఏ ఫైనాన్సు? వడ్డీ ఎంతట?"

"వడ్డీ లేదు, రుసుమూ లేదు బాబాయిగారూ. సర్కారు వాళ్లది, 2022 నుంచీ ఉంది. మీ మేనల్లుడు చచ్చిపోతానంటున్నాడు. డాక్టరుకి చూపించమన్నారు."

మావయ్య దగ్గర దీనికి సామెత లేదు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు. తర్వాత శుభలేఖ మీద అన్ని పేర్లకన్నా పైన, ఖాళీ ఉన్నచోట ఇరికించి, "డాక్టరు" అని రాసి గీత కొట్టాడు. ఆయన సలహాల్లో సగం వినకూడనివే. ఈ కాగితం మాత్రం పనికొచ్చింది. అప్పులన్నీ ఒక్కచోట చూడటం కుర్రాడికి అదే మొదలు. మొత్తం వాడు భయపడ్డంత లేదు. గాజులు తాకట్టు పెట్టి ముందు పది రూపాయల వడ్డీ వదిలించుకోమంది తల్లి. "మేం అప్పుడే చెప్పాం" అన్న బంధువుల నోరు మావయ్యే మూయించాడు, వాళ్ల పాత నోట్ల సంగతులు గుర్తుచేసి.

సూర్యారావుపేటలో మానసిక వైద్యుడి దగ్గర హాలు నిండా జనం. మావయ్యని చూడగానే ఇద్దరు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇద్దరి అప్పులూ ఒకప్పుడు ఆయన సర్దినవే. ఒకాయన పక్కకొచ్చి, కంటి డాక్టరనుకుని వచ్చానన్నాడు. లోపల కుర్రాడు చెబుతుంటే మధ్యలో రెండుసార్లు అందుకోబోయిన మావయ్యని డాక్టరు చేత్తోనే ఆపాడు. మందులు రాశాక, వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్లమన్నాడు.

మావయ్య కుర్చీలోంచి లేవలేదు. చొక్కా చెయ్యి పైకి మడుస్తూ అన్నాడు: "ఎలాగూ వచ్చాం కదా డాక్టరు గారూ, నా బీపీ కూడా ఓసారి చూసెయ్యండి."