దగ్గరైనకొద్దీ చిక్కిపోయే సరస్సు

దగ్గరికి వెళ్లేకొద్దీ ఏదైనా పెద్దదిగా కనిపిస్తుంది. కొల్లేరు మాత్రం చిన్నదవుతుంది. ఇరాన్‌లో కాస్పియన్ ఒడ్డున ఉన్న రామ్‌సర్ పట్నం పేరిట చిత్తడి నేలల ఒప్పందం ఒకటుంది. 2002లో ఆ ఒప్పందం జాబితాకెక్కినప్పుడు ఈ సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ దాకా వస్తే ఐదో కాంటూరు వరకే అభయారణ్యం, 1999 నాటి ఉత్తర్వు ప్రకారం 308. ఇంకా దగ్గరికొచ్చి 2008 నాటి శాసనసభ తీర్మానంలోంచి చూస్తే మూడో కాంటూరు చాలు, సుమారు 135. కైకలూరు పక్కన గట్టెక్కి నిలబడితే సరస్సే ఉండదు, బొచ్చె, శీలావతి చేపలు పెరిగే చెరువు ఉంటుంది.

కాంటూరంటే సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తని గీసిన గీత. ఐదుకీ మూడుకీ తేడా రెండడుగులు, పంచె ఎగ్గట్టి దాటగలిగినంత. నేల చదును కావడంతో ఆ రెండడుగుల్లోనే 170 చదరపు కిలోమీటర్లు ఇమిడిపోయాయి. చుక్క నీరు తోడకుండా అంత నేలను ఆరబెట్టగల యంత్రం తీర్మానం ఒక్కటే.

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు రాసుకుంది. సరస్సులను కాపాడి బాగుచేయడం వాటిలో ఒకటి, గడువు 2020. గడువు దాటితే వడ్డీ పడే బాకీ కాదది. ఆ మాట గట్టు దాకా దిగేసరికి లెక్క మారుతుంది: తవుడెంత, ఐసెంత, కలకత్తా లారీ ఎప్పుడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. వరద లోపలికి రాకుండా రైతు గట్టు వేస్తాడు. ఆగిన నీరు పక్క చెరువు మీదికి పోతుంది, కాబట్టి పక్కాయన ఇంకో అడుగు ఎత్తుగా వేస్తాడు. విడివిడిగా ప్రతి చెరువూ సుస్థిరమే. అన్నీ కలిస్తే ఏరు తెచ్చిన నీటికి దారి ఉండదు, లంక ఊళ్లు మునుగుతాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అదీ పూడికతో ఈడుస్తూ.

2006లో కోర్టు ఆదేశాలతో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. చాలాచోట్ల మళ్లీ మొలిచాయి. నాట్లు లేకుండా వచ్చే పంట ఈ ప్రాంతంలో అదొక్కటే.

2022లో జిల్లాలు విడదీశాక కొల్లేరు చాలావరకు ఏలూరు జిల్లా చేతికొచ్చింది. అందులోకి వచ్చే నీరంతా మాత్రం ఆ జిల్లాది కాదు. బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి, విజయవాడ మురుగును మోసుకుని వస్తుంది. తమ్మిలేరు పుట్టింది ఖమ్మం వైపు, అంటే వేరే రాష్ట్రంలో. కలెక్టరుకు సరస్సు మీద అధికారం ఉంది, ఏటి మీద లేదు. ఏటి మీద అధికారం ఉన్నవాళ్లకు సరస్సు కనబడదు.

గూడబాతులకు ఈ కొలతలేవీ పట్టలేదు. అవి చేపకోసం ఎంత దూరమైనా ఎగురుతాయి. గూడుకు చెట్లు చాలక, ఆటపాక దగ్గర వాటికోసం ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. పక్షులు వాటి మీదే గుడ్లు పెడుతున్నాయి.