రాయికి నంబరు, మనిషికి జీవో

పీజీలో ఆర్కియాలజీ చదివే ఒక పిల్లగానికి ఇంటర్న్‌షిప్ పడింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: మూడు జిల్లాలు. చేతికి ఒక టేపు, ఒక బ్రష్షు, ఒక లాగ్‌బుక్ ఇచ్చారు. స్టైపెండ్ అని రాసిన గడిలో మాత్రం చక్కటి అడ్డగీత ఉంది. ఈ కాలమ్ కోసం మనమే పుట్టించిన పిల్లగాడు కాబట్టి పేరు, హాల్‌టికెట్ నంబరు అడగొద్దు.

పాలమూరులో మట్టి ఎక్కడ గీకినా చరిత్ర తగులుతుందని క్లాసులో చెప్పి పంపారు. గీకడానికి లైసెన్సు కావాలనే సంగతి బస్సు దిగాక తెలిసింది. దాంతో మనవాడు తవ్వగలిగింది ఆఫీసు అల్మారా ఒక్కటే. అక్కడా పొరలున్నాయి. పైపొరలో ఏప్రిల్ 18 వారసత్వ దినం బ్యానరు, దాని కింద నిరుటి బ్యానరు, ఆ కింద ముందటేడుది. మూడింటి మీదా అవే అక్షరాలు, ముఖ్య అతిథి పేరు మీద మాత్రం కొత్త స్టిక్కరు. కాలనిర్ణయం స్టిక్కరును బట్టే చేయాలి.

తర్వాత కోటలు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. సంస్థానాలు పోయినా అటెండెన్స్ పోలేదు. నవ్వులాట కాదు గానీ, మన దగ్గర పాత కట్టడం బతకాలంటే అందులో హాజరుపట్టీ ఉండాల్సిందే. పిల్లలు ఖాళీ చేసి వెళ్లిన మరుసటి వానాకాలమే గోడ పగుల్లో రావిమొక్క అడ్మిషన్ తీసుకుంటుంది. దానికి టీసీ ఇచ్చి పంపే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఊళ్లలో పని వేరు. శాసనానికి ఎస్టాంపేజీ తీయాలంటే ముందు రాతి మీది సున్నం, కుంకుమ, నిరుడు ఉత్సాహవంతులు పూసిన ఆయిల్ పెయింటు వదలగొట్టాలి. రాయిని కడిగి, తడికాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో దబదబా కొట్టాలి. ఆరీ ఆరకముందే సిరా అద్దాలి. చుట్టూ నల్లబడి, అక్షరం తెల్లగా పైకి తేలుతుంది. కాగితం అంచు చిరిగిందా, మొదటికొచ్చినట్టే. మనవాడు ఊపిరి బిగబట్టి కొడుతుంటే వెనక జనం పోగయ్యారు.

“ఏ స్కీము సారూ?”

“స్కీము కాదన్నా, శాసనం.”

“మరి పేర్లు రాస్కుంటలేవేంది?”

ఇంకో పెద్దమనిషి చెవి దగ్గరికొచ్చి, “ఎన్ని గజాల లోతున ఉందంట?” అన్నాడు. నిధి గురించి. ఈ రంగంలో అనుమతి, లాగ్‌బుక్, జియోట్యాగ్ ఫొటో ఏవీ అక్కర్లేకుండా ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్లు గుప్తనిధులోళ్లే. నంది కింద రాత్రికి రాత్రే తవ్వి పోతారు. రిపోర్టు మాత్రం సమర్పించరు.

లాగ్‌బుక్‌లో ఆ రోజు పని ‘నిల్’ అని పడింది. పంపిన జియోట్యాగ్ ఫొటోలో సైటింజనీరులా నెత్తిన టోపీ లేదట.

పిల్లగాడు నిజంగా పాఠం నేర్చుకునే చోటు అలంపురం. నవబ్రహ్మలను చూసినా చూడకపోయినా, ముందు కూడవెల్లి సంగమేశ్వరుడి గోడ దగ్గర నిలబడాలి. ఆ గుడి ఒకప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తున్నాయని దాన్ని విప్పి, అలంపురానికి తెచ్చి మళ్లీ పేర్చారు. విప్పేముందు ప్రతి వరసకూ పటం గీయాలి, ప్రతి రాయికీ నంబరు వేయాలి. ఒక్క రాయి తారుమారైతే పై వరస కూర్చోదు. జటప్రోలు మదనగోపాలుడు, సోమశిల సోమేశ్వరుడు కూడా ఇట్లాగే మెట్ట ఎక్కారు. ప్రభుత్వం ఇంత శ్రద్ధగా లెక్క రాసిన పని ఈ ప్రాంతంలో ఇంకొకటి నాకు కనబడదు. వెటకారం కాదు, మెచ్చుకోలే.

ఇంటర్న్‌షిప్ అంటున్నాం గానీ, అలంపురం చరిత్ర వెంట జీవితమంతా తిరిగిన గడియారం రామకృష్ణ శర్మగారిని ఏ ప్లేస్‌మెంట్ సెల్ పంపింది? ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అప్పటికి ఆయన లేరు. మన వ్యవస్థలో సర్టిఫికెట్ రావడానికి పట్టే వ్యవధి అది.

మరి గుళ్లను కదిలించిన అదే శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల మనుషులో? వాళ్లకూ కాగితం వచ్చింది. 1986లో జీవో 98. ముంపు కుటుంబంలో ఒకరికి సర్కారు కొలువు అని దాని సారం. గుడిరాళ్లు నంబరు ప్రకారం తమ తమ చోట్ల కూర్చున్నాయి. మనుషులు నంబరు ప్రకారం కలెక్టరేటు మెట్ల మీద కూర్చున్నారు. రాయి ఫైలులో పటం ఉంది. మనిషి ఫైలులో ‘పరిశీలించవలెను’ ఉంది. దరఖాస్తు పెట్టిన నాటి నవయువకులు అర్హత వయసు దాటి, మనవలను ఎత్తుకునే వయసుకొచ్చారు.

సోమశిల దారిలో అట్లాంటి తాత ఒకాయన మనవాడిని ఆపి ప్లాస్టిక్ సంచి విప్పాడు. మడతల దగ్గర చిరిగి, చెమటకు అక్షరాలు అలుక్కుపోయిన జీవో ప్రతి.

“నువ్వు పాతయి సూసే సారువంట గదా బిడ్డా. ఇది చానా పాతది. దీన్నన్న మ్యూజియంల పెట్టిస్తవా?”

మనవాడు పుస్తకాలు బాగా చదివినవాడు. 1972 పురావస్తువుల చట్టం అతనికి కంఠస్థం. వస్తువుకు నూరేళ్లు, రాతప్రతికీ దస్తావేజుకూ 75 ఏళ్లు నిండాలి. వేళ్ల మీద లెక్కేసి, మర్యాదగా చెప్పాడు:

“2061 దాకా ఆగాలి తాతా.”

“అప్పటికన్న కొలువిస్తరా?”

“కొలువు సంగతి తెల్వదు తాతా. కాగితానికైతే రక్షణ వస్తది.”