పీకాకే నాకు విలువ

నేను కుప్పింటాకును. శాస్త్రజ్ఞుల లెక్కలో అకాలిఫా ఇండికా. ఏలూరులో కాలువ గట్టున, ప్రహరీ పగుళ్లలో, పాడుబడ్డ పెరళ్లలో నేను లేని చోటు వెతకాలి. నన్ను ఎవరూ నాటరు, నీళ్లూ పోయరు. ఒకప్పుడు గజ్జి లేస్తే నా ఆకు ఉప్పేసి నూరి పూసేవారు. మందుల షాపు ట్యూబులు వచ్చాక ఆ కొలువూ పోయింది. కలుపన్నారు, పడ్డాను. కానీ ఆ మాటన్న ఇంటివాళ్లే పిల్లి కోసం ఆన్‌లైన్‌లో కాట్‌నిప్ గింజలు తెప్పించి, కుండీలో చల్లి, మొక్క ఎండకు వాడిపోయిందని దిగులుపడుతుంటే మాత్రం నాకు ఉక్రోషం ఆగదు. అది పుదీనా కుటుంబానిది, చలి ప్రాంతాల్లో హాయిగా పెరిగేది. కొల్లేటి ఉక్క దానికి పడకపోతే దాని తప్పేముంది? దానికి చోటు చేయడానికి నన్ను పీకి పారేయడమే నాకు మింగుడుపడదు.

ఎందుకంటే ఆ కాట్‌నిప్ చేసే పని నా వేళ్లూ చేస్తాయి. దాని ఆకుల్లోని నెపెటలాక్టోన్ వాసనకే పిల్లి బుగ్గలు రుద్దుకుంటుంది, చొంగ కారుస్తుంది, పొర్లుతుంది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు నా వేళ్లలో పిల్లిని లాగే పదార్థాలను తేల్చారు: ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్. మొదటిది కాట్‌నిప్ సరుకుకు దగ్గరి చుట్టమే. నా మీద ప్రేమతో కాదు లెండి, అడవి పట్టిన పిల్లులకు ఎర కావలసి వచ్చి వెతికారు. 'మరి మా పెరట్లో ఇంత మొలిచినా పిల్లి దీని మొహం చూడదేం?' అంటారు. వేరు మట్టిలో ఉన్నంతసేపూ పిల్లి నన్ను దాటిపోతుంది. వేరు బయటపడితేనే వాసన పట్టి వస్తుంది. మీరు పీకుతూనే ఉన్నారు కదా, తేడా అంతా ఆ తర్వాత చేసే పనిలోనే. చెత్తకుప్పలో విసిరేసి, అక్కడ పిల్లి దొర్లుతుంటే దానికి పిచ్చెక్కిందని చీపురు తీస్తారు.

'విషపు మొక్క ఇంట్లోకెందుకు?' అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న, దాన్ని కొట్టిపారేయను. సయనైడ్ పుట్టించగల అకాలిఫిన్ నా ఒంట్లో ఉంది. శ్రీలంకలో నా ఆకు వేసిన గంజి తాగి, జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారికి ఎర్ర రక్తకణాలు పగిలిపోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి నన్ను వండొద్దు, పసిపిల్లల నోటికి అందనివ్వొద్దు. పిల్లి కూడా నన్ను తినాల్సిన పనిలేదు, వాసన చాలు. కలుపు తీసిన రోజున వేళ్ల మట్టి దులిపి, ఆకులు తుంచేసి, పాత పేపరు మీద పెట్టండి. కాసేపు ఆడనిచ్చి తీసేయండి. కొరికి మింగబోతే వెంటనే తీయండి. ప్రతి పిల్లీ పొర్లాలనేం లేదు, కాట్‌నిప్‌కైనా కొన్ని పిల్లులు కదలవు. పెరడంతా కమ్మేస్తానని భయమైతే పగిలిన బకెట్లో ఒకటి రెండు మొక్కలు ఉంచుకుని, కంకులు ముదిరి గింజ రాలకముందే తుంచేస్తే సరి.