జెట్టు సూత్రానికి టీక

మూలం: "జెట్టులో కసువు కూచోనుండాది నా. ఇప్పాల్సిందే."

అవతారిక: బోరెండిన వేసవంతా కొట్టంలో మూలబడ్డ టమాటా మందు మిషన్ను వానలకు బయటికి తీసి, తాడు ఇరవైసార్లు లాగినా నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోగా, పుంగనూరు మెకానిక్కు సెలవిచ్చిన వాక్యమిది.

ప్రతిపదార్థం: జెట్టులో = కార్బొరేటరు గిన్నెలో బిగించిన ఇత్తడి ముక్క నడుమ, మిల్లీమీటరుకు లోబడిన బెజ్జంలో (చిన్నదని చులకన తగదు; మూడడుగుల ఆవు పుట్టిన ఊరిది); కసువు = వాకిట్లో ఊడ్చేది కాదు, పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన ఆయిలు బంక ('కచడా' అని పాఠాంతరం; అర్థభేదం లేదు, కూలిలోనూ లేదు); కూచోనుండాది = వచ్చిపోయే చుట్టం కాదు, కాపురం పెట్టినది; నా = 'నాయొక్క' అని భ్రమపడరాదు, 'అన్నా'లో మిగిలిన తోక, కనుక ఖర్చు అన్నదే; ఇప్పాల్సిందే = ఆ చివరి ఏకారంతో, ప్లగ్గు తుడిస్తే చాలదా అన్న పూర్వపక్షం కొట్టుకుపోయింది.

తాత్పర్యం: ఇంజను గాలి పీల్చినప్పుడు ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా ఎగబాకి తుంపరై కలుస్తుంది. దీనికి ప్రమాణం 1738లో బెర్నూలీ అచ్చువేసిన గ్రంథం. బెజ్జం పూడితే ఇంజనుకు గాలే భోజనం. చోకు మూస్తే నడిచి, తెరవగానే ఆగడమే గుర్తు. పెట్రోలు బయటికి కారుతుంటే మాత్రం తప్పు జెట్టుది కాదు, ఫ్లోటు సూదిది. అది వేరే సూత్రం.

శంక: గుండుసూదితో పొడిస్తే?

సమాధానం: ఇత్తడి మెత్తన. బెజ్జం వెంట్రుకవాసి పెరిగినా మిషను పెట్రోలు తాగి ప్లగ్గుకు మసి పట్టిస్తుంది. నేను పొడిచిన జెట్టు ఇప్పటికీ నా పెన్నుల డబ్బాలో ఉంది. పెట్రోల్లో నానబెట్టి, పంక్చరు షాపు గాలి కొట్టించడమే శిష్టాచారం. మెకానిక్కు ఆ పని చేసి, జెట్టును కంటికి ఆనించి ఆకాశం చూశాడు. నాకూ చూపించాడు: ఆవగింజలో సగమంత, గుండ్రని వెలుతురు.

విశేషం: 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బైకులు చాలావరకు ఇంజెక్షనుకు మారాయి. మందు మిషను ఇంకా పాత సంప్రదాయంలోనే ఉంది.

ఫలశ్రుతి: మిషన్ను మూలకు చేర్చే ముందు పెట్రోలు ట్యాపు కట్టేసి, గిన్నె ఖాళీ అయి ఇంజను తనంతట ఆగేదాకా నడపండి.