వేపాకుకు లొంగని బ్యాక్టీరియా లేదు

తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్టుకు ఏటా రెండు గండాలు. ఉగాదికి పువ్వు పోతుంది. ఆ వెనకే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ నాలుగో సెమిస్టర్ వాళ్లొచ్చి ఆకు దూసుకుపోతారు.

ఆ ఆకును నీడన ఆరబెట్టి, మిక్సీ పట్టి, మిథనాల్‌లో నానబెడతారు. అగార్ ప్లేటు మీద ఈ.కోలైనో స్టెఫైలోకాకస్‌నో పరిచి, గుంటలు చేసి, వాటిలో ఈ పసరు పోస్తారు. తెల్లారేసరికి గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం. స్కేలు పెట్టి కొలిస్తే ఇన్ని మిల్లీమీటర్లు. థీసిస్ అయిపోయింది. గుమ్మానికి వేపమండ కట్టిన ముసలమ్మలకు మాత్రం రిఫరెన్సుల్లో చోటుండదు. పాపం, వాళ్లకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదు.

వేప పనికిరాదని కాదు ఫిర్యాదు. వేపనూనెతో పంటల బూజు తెగుళ్లను అదుపు చేసే పద్ధతికి యూరప్ పేటెంట్ ఆఫీసు 1994లో డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి పేటెంట్ ఇచ్చింది. ఇది మా రైతులకు ఎప్పటినుంచో తెలిసిందే, ఇందులో కొత్తదేముందని మనవాళ్లు మ్యూనిక్ దాకా వెళ్లి వాదించారు. 2000లో పేటెంట్ రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. అక్కడ కొత్తేమీ లేదని గెలిచిన దేశమే, ఇక్కడ వైవా గదిలో అంతా కొత్తేనని ఏటా తలూపుతోంది.

ఆ వలయంలో ఓ మాయ కూడా ఉంది. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చిక్కటి పసరును గుంటలో 100 మైక్రోలీటర్లు పోస్తే, లోపలికి వెళ్లిన సరుకు 10 మిల్లీగ్రాములు. పోటీకి పక్కన పెట్టే యాంపిసిలిన్ బిళ్లలో ఉండేది 10 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు తేడా! ఆ తర్వాత ‘యాంటీబయోటిక్‌తో సమానంగా పనిచేసింది’ అని రాసేస్తారు. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిన ఎక్స్‌ట్రాక్టులతో ఇలాంటి పరీక్షలు చేయవద్దని స్పెయిన్‌కు చెందిన రియోస్, రెసియో 2005లోనే రాశారు. పైగా మిథనాల్ తనంతట తానే బ్యాక్టీరియాను చంపగలదు. అందుకే ఉత్త మిథనాల్ పోసిన గుంట ఒకటి పక్కన ఉండాలి. ఫొటోలో అది ఎప్పుడూ ప్లేటు అంచున, సగం కత్తిరించుకుపోయి ఉంటుంది.

కాస్త ఖర్చు పెట్టగలిగినవాళ్లు నానోకు వెళతారు. వేపాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే లేత పసుపు నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం వేపాకుతో వెండి, బంగారు నానో కణాలు చేసి 2004లో ప్రచురించింది. అప్పుడది నిజంగా కొత్త. ఆ తర్వాత అదే కషాయంలో మారుతూ వచ్చింది ఆకు ఒక్కటే: తులసి, జామ, కరివేపాకు, మునగ. పెరట్లో చెట్లున్నంత కాలం థీసిస్‌లకు కొరత లేదు.

ప్లేటు ముట్టడం కూడా ఇష్టం లేనివారికి డాకింగ్ ఉంది. ల్యాప్‌టాప్‌లో పసుపులోని కర్‌క్యుమిన్‌ను తెచ్చి ఏదో ఒక ప్రోటీన్‌కు అతికిస్తారు. అది దేనికైనా అతుక్కుంటుంది. కర్‌క్యుమిన్ పరీక్షల్ని తప్పుదారి పట్టించే అణువని, పకడ్బందీగా జరిగిన ఒక్క క్లినికల్ ట్రయల్‌లోనూ అది నెగ్గలేదని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ సమీక్ష తేల్చింది. ఆ సమీక్షను సాహిత్య సర్వేలో ఎక్కించేవారు తక్కువ. ఎక్కిస్తే థీసిస్ అక్కడే ఆగిపోతుంది మరి.

అందరూ ఇంతేనా అంటే కాదు. సొంత ప్రైమర్లు రాసుకుని, పీసీఆర్ బ్యాండు రాక రాత్రిళ్లు ల్యాబులో గడిపేవాళ్లూ ఉన్నారు. కానీ సెంట్రిఫ్యూజ్ పాడై మూలన పడిన కాలేజీలో, కెమికల్స్‌కు పైసా లేనిచోట, నాలుగైదు నెలల్లో కొత్త సంగతి కనిపెట్టమంటే పిల్లలేం చేస్తారు? బస్సెక్కి హైదరాబాద్ వస్తారు. ఫీజు కడితే ప్రాజెక్టు చేయించే ప్రైవేటు ల్యాబులు వాళ్ల కోసమే ఉన్నాయి. టెక్నీషియన్ పనిచేస్తాడు, బ్యాచ్ మొత్తం వంతులవారీగా ప్లేటు పట్టుకుని ఫొటో దిగుతుంది. సర్టిఫికెట్ ఫీజులోనే, పేపర్ పబ్లికేషన్ కావాలంటే రేటు వేరు.

ఇంత జరిగినా ప్రయోగం విఫలమైన థీసిస్ ఒక్కటీ కనబడదు, అసలు అనుమానించాల్సింది అక్కడే. ఈ.కోలైకి బయట ఇంకో పొర ఉంటుంది. చాలా మొక్కల పదార్థాలు దాన్ని దాటలేవు. కాబట్టి వలయం రాని ప్లేటులోనే అసలు పాఠం ఉండొచ్చు. వలయం ఎందుకు రాలేదో నాలుగు పేజీలు రాసిన విద్యార్థికి ఎమ్మెస్సీ ఇవ్వడానికి ఏ బోర్డుకూ అభ్యంతరం ఉండకూడదు. గైడ్లు మాత్రం ‘రిజల్ట్ రాలేదా? ఇంకోసారి చెయ్’ అంటారు. వచ్చేదాకా చేస్తారు, లేదా వచ్చిందని రాస్తారు.

కాపీ సంగతి చూసుకోవడానికి యూజీసీ 2018 నిబంధనలున్నాయి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. చిన్న అక్షరాల్లోకి వెళితే థీసిస్, డిసర్టేషన్ ఈ నిబంధనల కిందికి వస్తాయి. ‘ప్రాజెక్ట్ రిపోర్టులు’ మాత్రం రావు. అట్ట మీది పేరు మారిస్తే చాలు, గండం గడిచినట్టే. ఇంకో సదుపాయం కూడా ఉంది: పోలిక లెక్కలో కృతజ్ఞతల పేజీని కలపకూడదు. కాబట్టి ‘నా వెన్నంటి నిలిచిన తల్లిదండ్రులకు, సర్వశక్తిమంతుడైన భగవంతునికి’ అని బ్యాచ్ మొత్తం ఒకే వాక్యం దించుకున్నా చట్టబద్ధమే.

చివరి పేజీలో ‘ఫ్యూచర్ స్కోప్’ ఉంటుంది: ఈ ఎక్స్‌ట్రాక్టును ఎలుకల మీద పరీక్షించాలి, క్రియాశీల పదార్థాన్ని వేరుచేయాలి, మందుగా అభివృద్ధి చేయాలి. అది రాసిన అమ్మాయి జూన్‌లో అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోర్సులో చేరుతుంది. జూనియర్ మళ్లీ ఆకు ఆరబెట్టడం నుంచే మొదలుపెడతాడు.